ఎర్ర పీలిక

మా అమ్మాయికి పదకొండేళ్ళు. మొన్న బెంగళూరు పోయినప్పుడు పట్టుబట్టి ఒక జపాన్ బొమ్మల కథల పుస్తకం కొనిపించుకుంది. దాన్ని వెనక అట్ట నుంచి ముందుకు చదవాలట. బస్సు చిక్కబళ్ళాపురం చేరేదాకా తల ఎత్తలేదు. నేను తొంగి చూశాను. బడికి పోయే పిల్ల ఒకతె చేతిలో చిన్న కర్ర పట్టుకుని ఏదో మంత్రం చెబుతుంది. గాలిలోంచి రిబ్బన్లు వచ్చి ఆమె ఒళ్ళంతా చుట్టుకుంటాయి. ఆ చుట్టు విడిపోయేసరికి ఆమె మామూలు పిల్ల కాదు, మాయలు తెలిసిన పిల్ల.

ఆ పిల్ల నాకు తెలుసు. ఆమెది మొదట పుస్తకమనీ, తర్వాత కార్టూన్ అయిందనీ, ఇప్పుడు మళ్ళీ కొత్తగా తీశారనీ తెలియదు గానీ ఆమె మాత్రం తెలుసు. మా ఊళ్ళో శెట్టెమ్మ ఇంటి టీవీలో, సాయంత్రం అయిదింటికి, గడప బయట కూర్చుని చూశాను.

"ఈమెకొక చెల్లెలు ఉంటుందే, ఆమె ఏది?" అని అడిగాను.

"చెల్లెలు లేదు మా."

"ఉంటుంది. రెండు జడల పిల్ల."

అమ్మాయి ఫోనులో వెతికి పాత కార్టూన్ తీసి నా ముందు పెట్టింది. "ఈమెనా? ఈమె పార్కులో ఆడుకునే పాప మా. ఊరికే కనపడి పోతాది. ఈమెకు పేరు కూడా పెట్టలేదు."

నేను ఒకరు చెప్పగానే నమ్మే మనిషిని కాదు. దసరా సెలవుల్లో కూర్చుని, తెర కింద వచ్చే ఇంగ్లీషు మాటలు చదువుకుంటూ, పాత కార్టూన్ మొదటి నుంచి చివరి దాకా చూశాను. చెల్లెలు లేదు. అక్క నాకు అబద్ధం చెప్పింది.

అక్క అంటే మా పెద్దనాయన కూతురు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పోయి రెండేళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని మా ఆయన అంటాడు. ఆయనకేం, ఆయనను ఎవరూ ఏమీ అనలేదు. నేను మా ఇంట్లో పాతికేళ్ళ పాటు ఒక పంట పట్టుపురుగుల్ని చంపిన పిల్లగా బతికాను. చంపింది నేను కాదు. ఆ సంగతి తెలిసిన మనిషి అక్క ఒక్కతే అనుకున్నాను. ఆమె నోరు తెరిచి అందరి ముందూ ఆ ఒక్క మాట చెప్పాలని పాతికేళ్ళు కాచుకున్నాను.

మా ఊరు చింతామణి తాలూకాలో, కెంచార్లహళ్ళికి దగ్గర. నాయన, పెద్దనాయన ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఇంటి వెనక పురుగులిల్లు. మట్టి గోడలు, కిటికీలకు గోనెపట్టాలు, వాకిలికి దోమతెర. లోపల వెదురు తట్టలు అరలు అరలుగా ఉండేవి. పట్టుపురుగులకు నాలుగు జ్వరాలు వస్తాయి. జ్వరమంటే రోగం కాదు. పొర విడిచే ముందు తల పైకెత్తి కదలకుండా ఉండిపోతాయి. దాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక ఇక తిండే తిండి. రేష్మాకు, అంటే మల్బరీ ఆకు, పరిచి నిలబడితే వాన పడుతున్నట్టు చప్పుడు. ఆ వారం రోజులు ఇంట్లో మనుషులకు వేళకు ముద్ద దొరికేది కాదు. అనపకాయల కాలం కాబట్టి పొద్దున అనపగింజలు పితికి చేసిన పితికిపప్పు సారే సాయంత్రమూ పోసేవాళ్ళు. పచ్చి ఆకు వాసన, పురుగుల పెంటికల వాసన, చలికి పెట్టిన కుంపటి బొగ్గుల వాసన, వీటి మీద తేలుతూ అనపకాయ సొన వాసన. చలికాలమంటే నాకు ఇప్పటికీ అదే.

పురుగులింటికి కట్టుబాట్లు చాలా. పౌడరు పూసుకున్నవాళ్ళు రాకూడదు. బీడీ తాగినవాళ్ళు రాకూడదు. పెద్దమ్మ వాకిట్లో నిలబడి ఒక్కొక్కరి చేతులు వాసన చూసి లోపలికి పంపేది. ఒకసారి నా చేతులకు బిస్కెట్టు వాసన వస్తోందని వెనక్కి పంపింది. బిస్కెట్టుకూ పురుగులకూ ఏం పగో ఈ రోజు దాకా ఎవరూ చెప్పలేదు. అదే బిస్కెట్టులో సగం తిన్న అక్కను మాత్రం పంపలేదు.

టీవీ ఊళ్ళో రెండిళ్ళలో ఉండేది. పిల్లలను రానిచ్చేది శెట్టెమ్మ ఒక్కతే. రానిచ్చేదంటే గడప దాకా.

"ఆడనే కూసోండమ్మా. మీ ఒంటి మీద పురుగుల వాసన" అనేది.

మా పట్టుగూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టులో అమ్ముడుపోయినాకే మేము ఆమె అంగట్లో బెల్లం, నూనె కొనేది. అప్పుడు మాత్రం మా దగ్గర వాసన రాదు. ఈ మాట నేను ఒకసారి ఆమె ముందరే అన్నాను. రెండు రోజులు నన్ను గడప దగ్గరికి కూడా రానివ్వలేదు. మూడో రోజు అక్క పోయి, "అది చిన్నపిల్ల, తెలీదు శెట్టెమ్మా" అని బతిమాలి నన్ను తీసుకుపోయింది. నాకు తెలియక అన్నానని చెప్పడం నాకు నచ్చలేదు. తెలిసే అన్నాను.

కార్టూన్ హిందీలో వచ్చేది. శెట్టెమ్మకు హిందీ రాదు, మాకూ రాదు. అక్కకు వచ్చనుకున్నాను, ఎందుకంటే ఆమె సంచిలో హిందీ పుస్తకం ఉండేది. తెర మీద ఆ పిల్ల మాట్లాడుతుంటే అక్క నా చెవిలో తెలుగులో చెప్పేది.

"ఏమంటాంది అక్కా?"

"నువ్వు ఇంట్లోనే ఉండు, దీపం పెట్టే లోపల వచ్చేస్తా అంటాంది."

"ఎవురితో?"

"చెల్లెలితో. అదో, ఆ మూల ఉండాదే, రెండు జడల పిల్ల."

"మరి ఆ పిల్ల ఏం మాట్లాడదేం?"

"దానికి మాట్లాడే పని లేదు పాపా. దానికి అన్నీ తెలుసు."

అక్క చెప్పిన కథలో ఆ పిల్ల మాయలన్నీ చెల్లెలి వల్లే. రిబ్బన్ ఒక కొస అక్క దగ్గర, ఇంకో కొస చెల్లెలి జడకు. ఎంత దూరం పోయినా చెల్లెలు గుంజితే అక్కకు తెలుస్తుంది. ఈ గుట్టు ఇద్దరికే తెలియాలి. మూడో మనిషికి తెలిస్తే రిబ్బన్లు రావు.

ఒక సాయంత్రం ఇంటికి పోతూ నేనన్నాను, "మన పురుగులు కూడా అట్లే నూలు సుట్టుకుంటాయి కదక్కా. అవి మారేది ఎప్పుడు?"

"అవి మారవు పాపా."

"ఏం?"

"మారే లోపల శిడ్లఘట్టలో ఉడుకునీళ్ళలో ఏస్తారు. పురుగు బైటికొస్తే గూటికి బొక్క పడతాది, నూలు తెగిపోతాది." కాసేపు నడిచి, "మన ఇంట్లో చెప్పాకు, నువ్వు దీనికి ఏడ్చినావని" అంది. నేను ఏడవలేదు. ఏడ్చింది ఆమె.

ఎర్ర రిబ్బన్ నేను అడిగాను. అది నేనే ఒప్పుకుంటున్నాను, అప్పుడూ ఒప్పుకున్నాను, పట్టించుకున్నవాళ్ళు లేరు. బడికి నీలం రిబ్బన్లు ఉండేవి. కార్టూన్‌లో ఎర్రవి. అమ్మను అడిగితే, "పురుగులు లేసినాయి, నీ జడల సంగతి ఎవురికి కావాలమ్మే" అంది. మూడు రోజులు ఏడ్చాను. నాలుగో రోజు కార్టూన్ చివరి భాగం అని శెట్టెమ్మ కొడుకు చెప్పాడు. చివరి రోజుకు ఎర్ర రిబ్బన్లు లేకుండా రానని నేను మొండికేశాను.

మా రేష్మతోటను ఆనుకుని ఒకాయన టమాటా తోట ఉండేది. ఆయన తోటకు మందు కొట్టినప్పుడల్లా గట్టు మీద నిలబడి పెద్దనాయనకు చెప్పేవాడు, "అప్పా, మందు కొట్టినా. ఈ పక్క ఆకు ముట్టాకండి." గాలికి మందు తుంపర మా తోటలోని అంచు సాళ్ళ మీద పడుతుంది. మనుషులకు తెలియదు గానీ ఆ ఆకు తింటే పురుగు బతకదు. అందుకని పెద్దనాయన ఆ నాలుగు సాళ్ళకూ మొదటి చెట్టుకు ఎర్ర గుడ్డ పీలిక కట్టేవాడు. పెద్దమ్మ పాత చీర చించిన పీలికలు. పీలిక వేలాడే సాలులో పదిహేను రోజులు ఎవరూ కొడవలి పెట్టరు. చదువు రాని కూలామెకైనా, నాలుగేళ్ళ పిల్లకైనా ఆ సంగతి తెలుసు.

ఆ పొద్దున టమాటా ఆయన మందు కొట్టాడు. పెద్దనాయన పీలికలు కట్టి చింతామణి పోయాడు. పెద్దమ్మ ఊళ్ళో లేదు. ముందు రోజే బాగేపల్లికి, తమ్ముడి బిడ్డకు పేరు పెడుతుంటే పోయింది. ఆమె మూడింటి బస్సుకు వచ్చింది. ఆకు తక్కువగా ఉందని చూసి, చీర కూడా మార్చకుండా కొడవలి తీసుకుని తోటకు పోవడానికి తయారైంది.

అంతకు ముందే అక్క నన్ను తోటకు తీసుకుపోయింది. నాలుగు పీలికల్లో రెండు విప్పింది.

"పెద్దనాయన తిడతాడక్కా" అన్నాను. అన్నాను. ఈ మాట అన్నట్టు నాకు బాగా గుర్తు.

"రెండు ఉండాయి కదా, సూసినోళ్ళకి తెలుస్తాది. తెల్లారంగానే మళ్ళా కట్టేస్తా. రా, తిరుగు." నన్ను తిప్పి నిలబెట్టి రెండు జడలకూ ఒక్కొక్కటి కట్టింది. పీలికలు మందు కంపు కొట్టాయి. నాకు అది ఏమీ అనిపించలేదు. చెరువు లాంటి కళ్ళతో నన్ను చూసి, "ఇప్పుడు కుదిరింది" అంది.

తనకు కట్టుకోలేదు.

శెట్టెమ్మ ఇంట్లో ఆ రోజు చుట్టాలున్నారు. గడప బయట కూడా చోటు లేదు, మేము కిటికీ కింద ఇటుకల మీద నిలబడి చూశాం. చివర్లో ఆ మాయల పిల్ల ఒంటరిగా కొండ మీద నిలబడి కర్ర పైకెత్తింది. రిబ్బన్లు రావడం మొదలైంది. కరెంటు పోయింది. అరగంట నిలబడ్డాం. రాలేదు.

"ఎట్లా అయిపోయింటాదక్కా?"

"రేపు సెప్తా. ఇప్పుడు ఆకు పరిచే ఏళయింది, జల్ది రా."

చలికి తల నిండా తువ్వాలు చుట్టుకుని ఇంటికి వచ్చాను. అలాగే పడుకున్నాను. జడల వంక ఎవరూ చూడలేదు.

తెల్లవారి లేచేసరికి వాన చప్పుడు లేదు. పురుగులిల్లు నిశ్శబ్దంగా ఉంది. నేను దోమతెర పక్క నుంచి చూశాను. పురుగులు తలలు పైకెత్తి ఇటూ అటూ ఊపుతున్నాయి. నోళ్ళలోంచి పచ్చటి రసం కారుతోంది. కొన్ని అప్పటికే కుంచించుకుపోయి అడ్డం తిరిగి ఉన్నాయి. ఇంకో నాలుగు రోజుల్లో గూళ్ళు కట్టవలసిన పురుగులు. పెద్దమ్మ తట్ట తరువాత తట్ట లాగి చూస్తోంది. ఆ రెండు సాళ్ళ ఆకు ఎంత కోసిందో అంతా అన్ని తట్టలకూ పరిచింది.

పెద్దనాయన తోటకు పోయి వచ్చాడు. వచ్చి వాకిట్లో నన్ను చూశాడు. నా తల మీద తువ్వాలు జారిపోయి ఉంది.

"ఇదెవురు తీసినారు?" అన్నాడు నా జడ పట్టుకుని. గట్టిగా కూడా అనలేదు.

"అక్క."

అక్క పురుగులింటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నేల చూస్తోంది. ఆమె ఒక్కసారి తల ఎత్తితే చాలు. నేను చూస్తూనే ఉన్నాను.

పెద్దమ్మ లోపలి నుంచి వచ్చింది. "దాని పేరు ఎత్తితే పండ్లు రాలగొడతా. అది నేను బస్సు దిగినప్పటి నుంచి నా ఎనకాల్నే ఉండాది. ఎవురి తలకి ఉండాయో వాళ్ళే తీసినారు."

మొదటి దెబ్బ పెద్దనాయనది కాదు. మా అమ్మది. "సేసింది సాలక ఇంకొకరి బిడ్డ మీద పెడతాండావా" అంటూ కొట్టింది. నాయన గుంత తవ్వడానికి పార తీసుకుని పోయాడు. ఆ రోజంతా తట్టలు మోసి, పురుగుల్ని గుంతలో పోసి, మీద సున్నం చల్లారు. కొన్ని ఇంకా కదులుతున్నాయి. పెద్దనాయన గుంత పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఉండిపోయాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు సగం బాధ తప్పేది.

సాయంత్రం అక్క నా దగ్గరికి వచ్చింది. గుప్పెట్లో వేయించిన శెనక్కాయలు. "పాపా" అంది. నేను మొహం తిప్పుకున్నాను. చివరి భాగం ఏమైందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆమె అందరి ముందూ చెప్పేదాకా ఆమెతో మాట్లాడనని ఆ రోజే అనుకున్నాను. అప్పుడు నాకు పదేళ్ళు. అన్నమాట తప్పడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని పండగలు జరిగినా పెద్దనాయన ఈ కథ చెప్పేవాడు. కోపంగా కాదు, నవ్వుతూ. అదే ఎక్కువ మండేది. "ఈయమ్మ సామాన్యురాలు కాదప్పా, జడలో పీలిక కోసం ఒక పంట పంటనే మింగింది." నా పెళ్ళి చూపుల్లో కూడా చెప్పాడు. మా ఆయన నవ్వాడు. అది కూడా నేను మరిచిపోలేదు.

అక్క చదువుకుంది. పదో తరగతి పాసయింది. బాగేపల్లి దగ్గరికి ఇచ్చారు, అక్కడే అంగనవాడీ టీచరయింది. నా పెళ్ళికి ముందు రోజు వచ్చి నా కాళ్ళకు పసుపు రాసింది. ఇంటి నిండా ఆడవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు చెప్పవచ్చు కదా అని చూశాను. చెప్పలేదు. నా కాళ్ళు మాత్రం చాలాసేపు పట్టుకుంది. నేను ఆమె వంక చూడకుండా, "అయిపోయిందా?" అన్నాను. పదిహేనేళ్ళకు ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

ఆమెకు జబ్బు చేసినప్పుడు చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో చేర్చారు. నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను కాబట్టి అన్నం తీసుకుపోయే పని నాది. రోజూ చారు అన్నం, ఒకరోజు మెత్తటి రాగిముద్ద. గిన్నె పెట్టడం, గిన్నె తీసుకోవడం. అన్నం బాగుందనేది. సరే అనేదాన్ని. వార్డులో పక్క మంచం ఆమె, "మీరిద్దురూ ఏమైతారమ్మా?" అని అడిగింది. "చెల్లెలు" అని అక్క చెప్పింది. "పలకరించుకోరేం?" అంటే, "దానికి మాట్లాడే పని లేదు" అంది. నవ్వింది కూడా.

ఒక మధ్యాహ్నం గిన్నె మూత పెడుతుంటే నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఎండిపోయిన కొమ్మలా ఉంది.

"పాపా, ఆ పొద్దు పీలిక..."

"నాకు సెప్పొద్దు" అన్నాను. "నాకు తెలీనిదా? పెద్దనాయన ముందర సెప్పు. అందరి ముందర సెప్పు. ఎవురూ లేనప్పుడు నా చెవిలో సెప్తే నాకేమొచ్చింది?"

"సరే" అంది. "ఇంటికి పోనీ. సెప్తా."

"సెప్పాల."

"సెప్తా అంటాండా కదా."

నేను గిన్నె తీసుకుని వచ్చేశాను. బస్టాండు దాకా నాకు గెలిచినట్టే ఉంది. ఆ తర్వాత పన్నెండో రోజున ఆమె పోయింది. ఇంటికి పోలేదు.

పదకొండో దినం బాగేపల్లిలో ఆమె అత్తగారింట్లో. వంటింటి వెనక పెద్దమ్మ ఒక్కతే కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. నేను ఏడవలేదని ఆమె గమనించింది.

"నీకు దాని మీద ఇంకా కోపమేనా?"

"అది సెప్పనే లేదు కదా పెద్దమ్మా."

అడకత్తెర ఆగింది. పెద్దమ్మ అంది, "అది సెప్పింది. ఆ పొద్దు తెల్లారంగానే, పురుగుల్ని సూడంగానే సెప్పింది. నా కాళ్ళు పట్టుకుని ఏడ్సింది. నేనే నోరు మూసినా."

నాకు అర్థం కాలేదు.

"మీ పెద్దనాయన ఎండాకాలం నుంచీ అంటానే ఉణ్ణాడు, దీనికి సదువు సాలు, ఒక్క తప్పు కనపడనీ, ఇస్కూలు బందు అని. నీకైతే నాలుగు దెబ్బలతో పోతాదనుకున్నా. చిన్నదానివి. దానికైతే ఇస్కూలే పోతాది. నా మీద ఒట్టు పెట్టించుకున్నా, ఎవురికీ సెప్పొద్దని. ఆ ఆకు కోసిందీ నేనే కదమ్మా. ఎప్పుడూ కోసే తోటలో నాలుగు సాళ్ళకి రెండు పీలికలు ఎందుకుండాయని ఒక్క క్షణం నిలబడి సూసింటే సరిపోయేది. జల్దీలో సూడలా."

నేను మొదట అడిగింది ఏమిటో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "ఈ సంగతి ఇప్పుడు అందరికీ సెప్తావా?" అని అడిగాను. కూతురు పోయి పదకొండు రోజులైన మనిషిని.

"సెప్తా" అంది పెద్దమ్మ. "మీ పెద్దనాయన ఇప్పుడు తట్టుకోలేడు. ఏడాది దినానికి అందరూ వస్తారు. ఆ పొద్దు సెప్తా. నీ మీద ఒట్టు."

ఏడాది కాచుకున్నాను. పాతికేళ్ళు కాచుకున్నదాన్ని, ఏడాది నాకో లెక్క కాదు. కానీ ఆ ఏడాదిలో ఒక పని చేశాను. పాతికేళ్ళలో అక్క నా దగ్గరికి వచ్చిన సార్లన్నీ గుర్తు తెచ్చుకున్నాను. నాకు అవమానాలు ఎలా గుర్తుంటాయో ఇవీ అలాగే ఉన్నాయి, ఎప్పుడూ తీసి చూడలేదంతే. శెనక్కాయలు. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు తన పాత నోట్సు అట్టలు వేసి నా సంచిలో పెట్టడం. నా కాన్పుకు అంత దూరం నుంచి వచ్చి, వరండాలో కూర్చుని, లోపలికి రమ్మని నేను అననందుకు అట్లే తిరిగి పోవడం. ప్రతిసారీ "పాపా" అనే మొదలుపెట్టింది. రెండో మాటకు నేనెప్పుడూ చోటివ్వలేదు.

ఏడాది దినం కూడా బాగేపల్లిలోనే. విస్తళ్ళు ఎత్తాక మగవాళ్ళు, ఆడవాళ్ళు అందరూ పడసాలలో కూర్చున్నారు. మా అమ్మ, నాయన, శెట్టెమ్మ కొడుకు కూడా ఉన్నారు. అక్క కూతురు తొమ్మిదో తరగతి. తాత పక్కన ఒదిగి కూర్చుని, "మా అమ్మ చిన్నప్పుడు ఎట్లుండేది తాతా?" అని అడిగింది.

పెద్దనాయన బాగా కుంగిపోయాడు. ఆయన గొంతు ఆ రోజు మొదటిసారి కాస్త తేలికైంది. "మీ యమ్మా? ఒక్క తప్పు సెయ్యలా తల్లీ. తప్పులన్నీ సేసింది ఇదో, మీ చిన్నమ్మ." నా వంక చెయ్యి చూపాడు. "జడలో పీలిక కోసం..."

అందరూ నవ్వడానికి తయారయ్యారు. ఆ కథ అందరికీ తెలుసు.

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. ఒట్టు ఆమెకు గుర్తుంది. "అది కాదప్పా" అంది మొగుడితో. "ఆ పొద్దు జరిగింది నేను సెప్తా, ఇను."

నేను ఎదురుచూసిన చోటు ఇదే. వినవలసినవాళ్ళు ఒక్కరు తక్కువ కాకుండా ఉన్నారు. అక్క కూతురు నోరు కొంచెం తెరిచి అమ్మమ్మ వైపు తిరిగింది. తల్లి గురించి ఇంకో మంచి మాట వస్తుందనుకుంటోంది.

"పెద్దనాయన సెప్పేది నిజమే" అన్నాను. "పీలికలు నేనే తీసినాను. మీ అమ్మ వద్దనే సెప్పింది. నేనే ఇనలా."

పెద్దమ్మ నా వంక చూసి అట్లే ఆగిపోయింది.

"సూడండప్పా" అన్నాడు పెద్దనాయన, "పాతికేండ్లకి ఒప్పుకునింది. ఎంత మొండిదైనా ఒప్పుకునింది." పడసాల అంతా నవ్వింది. మా అమ్మ కూడా నవ్వింది. ఆయన లేచి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి, "పోనీలేమ్మా, పిల్లకాయవి, నీకేం తెలుసు" అన్నాడు. నేను చేయని తప్పును ఆయన అందరి ముందూ మన్నించాడు. ఆ చెయ్యి తోసేయాలన్నంత మండింది. తోసేయలేదు.

అక్క కూతురు కూడా నవ్వుతోంది. నవ్వినప్పుడు తల వంచి నేల చూస్తుంది.

ఇప్పుడు మా రేష్మతోట లేదు. ఇళ్ళ సైట్లు వేసి రాళ్ళు పాతారు. పురుగులిల్లు కూలిపోయింది. పెద్దమ్మ నన్ను చూసినప్పుడల్లా ఏదో అనబోయి ఊరుకుంటుంది. నేను పెద్ద మనసు చేసుకున్నానని ఆమె అనుకుంటోంది. అదేం కాదు. అక్క బతికి ఉంటే నేను ఆ మాట అని ఉండను. ఇంటికి వచ్చి, అందరి ముందూ నిలబడి చెప్పేదాకా ఆమెతో మాట్లాడి ఉండను. నా సంగతి నాకు తెలుసు.